గుమ్మం దగ్గరి ఇంగ్లిషు

పోయిన ఏడాది ఆకులు రాలే కాలమంతా నేను ఒక ఫొటోకి భయపడుతూ గడిపాను.

సెప్టెంబరు చివరి వారం. అమెరికాలో, షికాగో పక్క షామ్‌బర్గ్‌లో మా అమ్మాయి బ్యూలా ఇంటి ముందున్న మేపుల్ చెట్టు అప్పుడే ఒక పక్క ఎర్రబడుతోంది. వంటింటి బల్ల దగ్గర కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను. మనవరాలు అనిక ఫోన్ తెచ్చి నా ముక్కు కింద పెట్టింది.

"అమ్మమ్మా, చూడు. నేనే డిజైన్ చేశాను. తాతయ్య సో కూల్ కదా?"

మా తెలుగు క్రైస్తవ సంఘం కోత పండుగ కరపత్రం అది. పైన గుమ్మడికాయలు, గోధుమ వెన్నులు. మధ్యలో పెద్ద అక్షరాలతో 'చైనాలో నాలుగేళ్ళు: మన మిషనరీ దంపతుల సాక్ష్యం'. కింద మా ఇద్దరి పేర్లు, పరంజ్యోతి, సువార్త. పేర్ల కింద ఫొటో.

చైనాలో మేమున్న రెండు గదుల ఇంట్లో తీసింది. గుండ్రటి బల్ల, దాని మీద పప్పుగిన్నె, చుట్టూ మేమిద్దరం, ఆరుగురు కాలేజీ పిల్లలు. పిల్లల్లో ఐదుగురు కెమెరాకేసి చూసి నవ్వుతున్నారు. మధ్యలో ఒక అమ్మాయి మాత్రం చేతులు జోడించి కళ్ళు మూసుకుని ఉంది. ఆ అమ్మాయి యూలన్. ఇప్పుడు అదే ఊళ్ళో సర్కారు బడిలో టీచరు.

చిక్కుడుకాయ నా చేతిలో అలాగే ఉండిపోయింది.

"ఇది ఎవరికి పంపావే?"

"పాస్టర్ అంకుల్‌కి. గ్రూప్‌లో పెట్టేశారు. ఫేస్‌బుక్ పేజ్‌లో కూడా. ఆల్రెడీ సిక్స్టీ లైక్స్."

"తీసెయ్యమని చెప్పు."

"వై? నీ హెయిర్ బాగానే ఉంది అమ్మమ్మా."

వెనక డెక్ మీద మా ఆయన సొరపాదుకి నీళ్ళు పోస్తున్నారు. తలుపు తీసి అడిగాను. "ఏవండీ, ఈ ఫొటో మీరిచ్చారా?"

"ఇచ్చాను. అంతకంటే మంచిది మన దగ్గర ఏముంది?"

"మనం మిషనరీలం ఎప్పుడయ్యాం?"

"పాస్టరు రాఘవులుగారు రాశారు. నేను రాయలేదు."

"కొట్టెయ్యనూ లేదు."

 కుండీ నిండి నీళ్ళు చెక్కల సందుల్లోంచి కారుతున్నా ఆయన పోస్తూనే ఉన్నారు.

ఆయన గుంటూరు పక్క ఒక మిషన్ కాలేజీలో ఇంగ్లిషు లెక్చరరుగా పనిచేసి రిటైరయ్యారు. అదే ఏడు, 2011లో, యునాన్ కొండల మధ్య ఒక చిన్న ఊళ్ళో, టీచర్లను తయారుచేసే కాలేజీ వాళ్ళు పిలిస్తే చైనా వెళ్ళాం. వెళ్ళగానే ఒక కాగితం మీద సంతకాలు పెట్టించుకున్నారు. పాఠాలు చెప్పాలి. మా ప్రార్థన మేం చేసుకోవచ్చు. పిల్లలకు మాత్రం మతం సంగతులు చెప్పకూడదు. నాలుగేళ్ళు ఆ సంతకానికి కట్టుబడే ఉన్నాం.

డీన్ నా పేరుకు అర్థమేమిటని అడిగాడు. సువార్త అన్న మాటను ఆ కాగితం ముందు ఎలా చెప్పాలో తెలియక ఈయన నీళ్ళు నమిలి, చివరికి "గుడ్ న్యూస్" అన్నారు. డీన్ "వెరీ గుడ్, వెరీ గుడ్" అని నవ్వాడు. ఆ రోజునుంచి ఆ ఊరికి నేను గుడ్ న్యూస్ ఆంటీని.

నా చదువు ఐదో తరగతితో ఆగింది. ఆ పైన చదివిందంతా సొంతంగా చదువుకున్నదే. మేం గుడి అనే చర్చిలో పాటల పుస్తకం, పచారీ కొట్టు పొట్లాల కాగితాలు, ఆయన దిద్దే పరీక్ష పేపర్లు, ఏది దొరికితే అది. ఇంగ్లిషు ఆయన డిక్షనరీలోంచి ఒక్కొక్క మాటే ఏరుకున్నాను. ఈ సంగతే ఆయన డీన్‌కి "మై వైఫ్ ఈజ్ సెల్ఫ్ టాట్" అని చెప్పారు. ఆ మనిషి అదేదో పెద్ద ట్రైనింగ్ అనుకున్నట్టున్నాడు. "దెన్ మేడమ్ ఆల్సో టీచ్!" అని బుధవారం సాయంత్రాల ఇంగ్లిష్ కార్నర్ నాకు అప్పగించేశాడు. ఇంగ్లిష్ కార్నర్ అంటే చెట్ల కింద బెంచీల మీద పిల్లలంతా చేరి, తప్పో ఒప్పో ఇంగ్లిషులో మాట్లాడుకునే చోటు. దానికి పుస్తకం లేదు, పరీక్ష లేదు. ఆ ధైర్యంతోనే ఒప్పుకున్నాను.

మొదటి బుధవారం కూరగాయల పేర్లు చెప్పుకున్నాం. చీకటి పడబోతుండగా పిల్లలు లేచి చేతులూపుతూ "బై బై టీచర్" అన్నారు. నాకు ఆ మాట పడదు. నా చిన్నప్పుడు మా అన్న లారీ ఎక్కుతూ "పోతున్నానే" అన్నాడు. మళ్ళీ రాలేదు. అప్పటినుంచి నా గడప దాటేవాళ్ళెవరైనా వెళ్ళొస్తానని చెప్పి తీరాలి. చెప్పకపోతే వెనక్కి పిలిచి చెప్పించుకుంటాను. ఆ పిల్లల్నీ పిలిచాను.

"నో బై. సే, ఐ విల్ గో అండ్ కమ్."

నలభైరెండు మంది ఒక్క గొంతుతో అన్నారు. "ఐ విల్ గో అండ్ కమ్!"

ఏడాది చివర నోటి పరీక్షకి పక్క ఊరినుంచి ఒక పెద్దాయన వచ్చాడు. ఒక్కొక్కళ్ళే లోపలికి వెళ్ళి, అడిగినవాటికి జవాబులు చెప్పి, తలుపు దగ్గర వెనక్కి తిరిగి, వంగి, "ఐ విల్ గో అండ్ కమ్, సర్" అనేసి బయటికి వచ్చేశారు. మొదటి అమ్మాయి ఇంకా ఏదో చెప్పడానికి వస్తుందేమోనని ఆయన కాసేపు ఎదురుచూశాడట. పదిమంది అయ్యాక మా ఆయన్ని పిలిచి, ఇది ఏ దేశపు ఇంగ్లిషు అని అడిగాడు.

"సదరన్ యూసేజ్, సర్" అన్నారట ఈయన ముఖం చెదరకుండా. ఇంటికొచ్చి తలుపేసుకుని మూడు రోజులు నవ్వారు. నేను మూడు రోజులు ఏడ్చాను.

ఆ పిల్లల్లో ఒకతి, యూలన్, ఆ ఆదివారం నారింజపళ్ళు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. "ఆంటీ, గ్రామర్ రాంగ్. బట్ మీనింగ్ గుడ్" అంది. వాళ్ళ కొండ ఊళ్ళో కూడా చుట్టాల్ని వెళ్ళమని ఎవరూ అనరట. గుమ్మం దాకా వచ్చి "మన్ మన్ జౌ" అంటారట. నెమ్మదిగా నడవండి అని. మనుషుల్ని పంపడం ఎక్కడైనా కష్టమేనన్నమాట అనుకున్నాను. ఆ సాయంత్రం నాకు కొంచెం సిగ్గు తగ్గింది.

ఆ ఊళ్ళో ఇటుకలతో కట్టిన ఒక చిన్న గుడి ఉండేది. ఆదివారం పొద్దున్నే వెళ్ళి వెనక వరసలో కూర్చునేవాళ్ళం. ముందంతా రంగుదారాల అల్లికల తలగుడ్డలు కట్టుకున్న ముసలమ్మలు. వాళ్ళ పాటల పుస్తకంలో స్వరాలకు బదులు అంకెలుండేవి. ప్రసంగం ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. కానీ పాట ఎత్తుకుంటే ఒక్కోసారి మాకు తెలిసిన రాగమే. వాళ్ళు వాళ్ళ భాషలో, మేం మా భాషలో. గొంతు తగ్గించి పాడుతుంటే పక్కనున్న ముసలమ్మ నా చెయ్యి పట్టుకుని గట్టిగా ఊపేది, ఇంకా పైకి పాడమని. ఆవిడ పేరు నాకు తెలియదు. నాలుగేళ్ళు ప్రతి ఆదివారం నా దోసిట్లో వేయించిన పొద్దుతిరుగుడు గింజలు పోసింది. నేను ఆవిడకు ఆవకాయ ఇచ్చాను. రెండోసారి ఖాళీ సీసా తనే పట్టుకొచ్చింది.

యూలన్ ఆదివారం సాయంత్రాలు పప్పన్నానికి వచ్చేది. మేం అన్నం ముందు కళ్ళు మూసుకుంటే మొదట్లో "ఆంటీ స్లీపీ?" అని అడిగింది. రెండో నెలలో ఎవరితో మాట్లాడుతున్నారంది. సంతకం పెట్టిన కాగితం గుర్తొచ్చి, "ఐ సే థాంక్స్. రైస్ కేమ్, యూ కేమ్" అన్నాను. అంతే, ఇంకేమీ చెప్పలేదు. ఆ పై వారంనుంచి తనూ కళ్ళు మూసుకోవడం మొదలుపెట్టింది. ఎవరికి థాంక్స్ చెప్పుకుందో నేను అడగలేదు. ఇప్పటికీ తెలియదు. ఎవరో పిల్లవాడు ఫొటో తీస్తే అందులో పడింది.

అదే ఫొటో ఇప్పుడు గుమ్మడికాయల కింద, మిషనరీలన్న మాట కింద అచ్చయి ఊరేగుతోంది.

ఆ సాయంత్రమే పాస్టరుగారికి ఫోన్ చేశాను. రాఘవులుగారిది వారమంతా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఆదివారం ప్రసంగం. మంచి మనిషి, హడావుడి మనిషి.

"వందనాలండి అయ్యగారూ. ఆ ఫొటో తీసెయ్యాలండి."

"అయ్యో, ఎందుకమ్మా? అందరూ ఎంత ఎగ్జైటెడ్‌గా ఉన్నారో! డల్లాస్ సంఘం వాళ్ళు కూడా షేర్ చేశారు. ఆ రోజు యూట్యూబ్‌లో లైవ్ పెడుతున్నాం."

"ఆ అమ్మాయి అక్కడ గవర్నమెంటు బళ్ళో టీచరండి. దాని పైవాళ్ళెవరైనా చూసి మతంలో కలిసిందనుకుంటే..."

 "నాకు తట్టలేదమ్మా. ఇప్పుడే డిలీట్ చేస్తాను" అన్నారు. చేశారు కూడా. కానీ డల్లాస్ వాళ్ళ దగ్గర ఉన్నది ఎవరు తీస్తారు?

యూలన్ మాకు దూరమైందే లేదు. చైనావాళ్ళు వాడే వీచాట్‌లో ప్రతి ఆదివారం ఏదో ఒకటి పంపుతుంది. బళ్ళో పిల్లలు, పెరట్లో మిరపచెట్టు, కొత్త కళ్ళజోడు. శరత్కాలంలో వాళ్ళకు చంద్రుడి పండుగ వస్తుంది. ఆ రోజు మాత్రం ఎంత పనున్నా చందమామ ఫొటో పంపి, "ఆంటీ, సేమ్ మూన్" అని రాస్తుంది. పదేళ్ళుగా ఒక్కసారీ తప్పలేదు.

ఆ ఆదివారం ఏమీ రాలేదు. సోమవారం, అక్టోబరు ఆరు, పండుగ. ఆ రోజూ రాలేదు. 'యూలన్, హౌ ఆర్ యూ' అని రాశాను. జవాబు లేదు. పువ్వు బొమ్మ పెట్టాను. దానికీ లేదు.

"అత్తమ్మా, గంత పరేషాన్ ఎందుకు?" అన్నాడు అల్లుడు జితేందర్, నేను అన్నం కలిపి తినకుండా కూర్చుంటే. "ఆమెకు ఏదో పని పడ్డదేమో. మా తమ్ముడు వరంగల్‌లనే ఉన్నడు, ఆర్నెల్ల సంది నాకు ఫోన్ చేయలే. వాన్ని ఎవరన్న పట్టుకపొయిన్రా?"

"నీ తమ్ముడు నీకు బాకీ పడ్డాడు, అందుకు చెయ్యడు" అంది బ్యూలా.

వాళ్ళు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. పగలు నాలుగుసార్లు ఫోన్ తెరిచి చూసుకునేదాన్ని. ఉన్న భయానికి తోడు చదవడం వచ్చిన పాపానికి, మతం పుచ్చుకున్న టీచర్లను అక్కడ ఏం చేస్తారోనని ఇంటర్నెట్‌లో దొరికినవన్నీ చదివాను. చదివినకొద్దీ ఆ పిల్ల బడి గేటు బయట ఒంటరిగా నిలబడి ఉన్నట్టు కనిపించేది. దానికి ఏమన్నా అయితే అది నేను పెట్టిన పప్పన్నం వల్లే.

శనివారం మధ్యాహ్నం ఆయన అనికని పక్కన కూర్చోబెట్టుకుని, మర్నాడు గుళ్ళో చెప్పాల్సిన సాక్ష్యానికి స్లైడ్లు చేయిస్తున్నారు. గుడి, కాలేజీ, ఇంగ్లిష్ కార్నర్ బెంచీలు. చివరి స్లైడు ఆ ఫొటో.

"పాస్టరుగారు తీసేశారు. మీరు మళ్ళీ పెడతారా?" అన్నాను.

"రెండు నిమిషాలు తెర మీద కనబడితే ఏమవుతుంది? నీకు ప్రతిదీ భయమే."

"లైవ్ అన్నారు కదా. పిల్ల వారం రోజులుగా పలకడం లేదు."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. అనికని నీళ్ళు తెమ్మని పంపించి, గొంతు తగ్గించారు.

"సువార్తా, ఈ సంఘంలో నేనెవరిని? మనవరాల్ని బస్సెక్కించే తాతని. చైనా వెళ్ళొచ్చానని తెలిసిన ప్రతివాడూ ఒకటే అడుగుతాడు, 'అంకుల్, ఎంతమందిని మార్చారు' అని. మా తాతకి అక్షరాలు నేర్పిన మిషన్ దొరలు ఇంటికి ఉత్తరాలు రాసేవాళ్ళు, ఈ ఏడు ఇంతమంది అని. నేనేం చెప్పను? నాలుగేళ్ళు ఉండి, ఆదివారాలు పప్పు పెట్టామని చెప్పనా?"

"పెట్టాం కదండీ."

"నాకు చూపించుకోడానికి ఆ పిల్ల మూసిన కళ్ళు తప్ప ఏమీ లేవే."

నలభైఏడేళ్ళ కాపురంలో ఆయన అంత చిన్నగొంతుతో మాట్లాడడం నేనెరగను. కోపం పోయింది. నేను ఎవరికీ చెప్పని సంగతి అప్పుడు ఆయనకి చెప్పాను.

"వచ్చేసే రోజు బస్‌స్టాండులో మీరు సామాను ఎక్కిస్తున్నారు. యూలన్ నా దగ్గరకు వచ్చింది. నా నోటితో నేనే ఆ మాట అంటానని నిలబడింది, ఐ విల్ గో అండ్ కమ్ అని. నాకు తెలుసు, మనం మళ్ళీ వెళ్ళేది లేదని. నోరు రాలేదు. 'గుడ్‌బై' అన్నాను. నేర్పినదాన్ని నేనే అన్నాను. దాని ముఖం ఎలా అయిపోయిందో మీరు చూడలేదు. ఆ పిల్లకి నేను ఒక అన్యాయం చేసేశానండీ. ఇంకోటి చెయ్యలేను."

 అనిక నీళ్ళు తెచ్చింది. ఆయన తాగి, "రేపు సొరకాయ కోసి పెట్టు, గుడికి తీసుకెళ్దాం" అన్నారు.

మా సంఘానికి సొంత గుడి లేదు. ఒక అమెరికన్ చర్చివాళ్ళు మధ్యాహ్నం రెండింటికి తమ గుడి మాకు ఇస్తారు. కోత పండుగ నాడు అది మన ఊరి గుడే అయిపోతుంది. బలిపీఠం ముందు సొరకాయలు, గోంగూర కట్టలు, కాకరకాయలు, ఎవరి పెరట్లోనో పండిన మొక్కజొన్న. మధ్యలో మా సొరకాయ అన్నిటికంటే పొడుగ్గా. జితేందర్ క్రైస్తవుడు కాదు. అయినా పండుగలకు తప్పకుండా వస్తాడు, "నేను బిర్యానీ మెంబర్‌ని" అంటాడు. ఆ రోజూ మొదటి వరసలో కూర్చున్నాడు, మామగారు మాట్లాడుతున్నారని.

ఆయన ఇస్త్రీ చొక్కా, పాత కోటు వేసుకుని నిలబడ్డారు.  పక్కన అనిక లాప్‌టాప్ దగ్గర. గుడి కనబడింది. అంకెల పాటల పుస్తకం, ముసలమ్మ, పొద్దుతిరుగుడు గింజలు, అన్నీ చెప్పారు. జనం "స్తోత్రం" అంటున్నారు. తర్వాత కాలేజీ, ఇంగ్లిష్ కార్నర్ బెంచీలు. మూడు తెరలయ్యాయి, ఇక నాలుగోదే మిగిలింది. నేను ఒళ్ళో ఉన్న రుమాలు ఎన్ని మడతలు పెట్టానో నాకే తెలియదు.

అనిక మీట మీద వేలు పెట్టి తాతకేసి చూసింది.

"చాలమ్మా. ఆ స్క్రీన్ ఆపెయ్యి" అన్నారాయన.

"ఇంకోటి ఉంది తాతయ్యా."

"లేదు. అయిపోయింది."

తెర నల్లబడింది. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

"కరపత్రంలో ఒక తప్పు పడింది. మేం మిషనరీలం కాదు. టీచర్లం. మతబోధ చెయ్యబోమని సంతకం పెట్టాం, మాట మీద ఉన్నాం. నేను చెప్పిన పాఠాలు ఆ పిల్లలు ఎప్పుడో మర్చిపోయి ఉంటారు. మా ఆవిడ చెప్పిన పాఠం ఒకటి మాత్రం మర్చిపోరు. అది తప్పు పాఠం."

నోటి పరీక్ష కథ మొత్తం చెప్పారు. తలుపు దగ్గరికి వెళ్ళి, వంగి, "ఐ విల్ గో అండ్ కమ్, సర్" అని చేసి చూపించారు. గుడి గుడంతా గొల్లున నవ్వింది. ఇక్కడే పుట్టిన పిల్లలకి అందులో తప్పేమిటో వాళ్ళ అమ్మలు చెవిలో చెప్పాల్సి వచ్చింది. నేను సిగ్గుతో కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

నవ్వులు తగ్గాక వెనకనుంచి ఎవరో అడిగారు. "అంకుల్, ఇంతకీ ఎంతమంది మారారు?"

ఆయన నావైపు చూశారు.

"ఇద్దరం బాబూ. మా ఆవిడా, నేనూ."

వచ్చి నా పక్కన కూర్చున్నారు. పాస్టరుగారు ప్రార్థనకి లేచారు. ఆ ప్రార్థనలో దూరదేశంలో ఉన్న ఒక బిడ్డ కోసం అని మాత్రం అన్నారు, పేరు చెప్పలేదు. మా ఆయన చెయ్యి నా రుమాలు మీదికి వచ్చింది. 

యూలన్ దగ్గరనుంచి ఇంకా ఏమీ రాలేదు. అయినా ఆ రాత్రి నిద్రపట్టింది.

గురువారం పొద్దున కాఫీ కలుపుతుంటే బల్ల మీద ఫోన్ టింగుమంది. నీళ్ళ చేత్తోనే తీశాను. కొత్త కళ్ళజోడులో యూలన్ ముఖం, కింద పొడుగాటి ఇంగ్లిషు. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను. సెలవులకి అమ్మావాళ్ళ కొండ ఊరికి వెళ్ళిందట. వరి కోతలు. కట్టలు మోస్తుంటే జేబులోంచి ఫోన్ మడిలో పడిపోయింది. కొత్తది కొని, పాత అకౌంటు తెరిపించుకునేసరికి ఇన్నాళ్ళు పట్టింది. 'సారీ ఆంటీ, మూన్ లేట్' అని రాసి, వాళ్ళమ్మ ఫోన్‌తో తీసిన పది రోజుల కిందటి చందమామ పెట్టింది.

కోతలు! ఇక్కడ నేను బలిపీఠం ముందు సొరకాయ పెట్టుకుని దడదడలాడుతుంటే, అక్కడ అది మోకాలి లోతు బురదలో వరికట్టలు మోస్తోంది.  "ఏవండీ, పిల్ల బాగానే ఉందండీ!" అని పెట్టిన కేకకి ఆయన గడ్డం నురగతోనే వచ్చారు. అనిక ఒక కాలికి సాక్సు వేసుకుని పరిగెత్తుకొచ్చింది.

కింద ఒక వాయిస్ మెసేజ్ కూడా ఉంది. అనిక నొక్కింది.

ముందు బడి గంట. కుర్చీలు జరుపుతున్న చప్పుడు. యూలన్ గొంతు వాళ్ళ భాషలో ఏదో అంది. అప్పుడు నలభై మందో యాభై మందో చిన్నపిల్లలు, ఎవరి గొంతు పైకి వినిపిస్తుందా అని పోటీపడి అరిచారు.

"ఐ విల్ గో అండ్ కమ్!"

తర్వాత అడుగుల చప్పుడు, తోసుకోవడం, నవ్వులు దూరమవడం. ఖాళీ అయిన తరగతిలోంచి యూలన్ నెమ్మదిగా ఇంగ్లిషులో మాట్లాడింది. పిల్లలకి ఆ మాట పరీక్షలో రాయొద్దని చెప్తుందట. పరీక్షకి ఒక ఇంగ్లిషు, గుమ్మం దగ్గరికి ఇంకో ఇంగ్లిషు. "బస్‌స్టాండులో ఆ రోజు మీరొక తప్పు మాట అన్నారు ఆంటీ. ఫర్వాలేదు. నేను దిద్దేశాను. నేనిప్పుడు టీచర్ని కదా."

అనిక ఇంగ్లిషు మాటలన్నీ నాకు తెలుగులో చెప్పబోయింది. "నాకు అర్థమైందే" అన్నాను.

ఆయన నురగ తుడుచుకుంటూ కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు. "నోటి పరీక్షలో నేను వెనకేసుకొచ్చిన పిల్లేగా" అన్నారు. ఆ గొంతు విని ఆయన ముఖం చూడకుండా కాఫీ అందించాను.

ఆ పిల్ల చేత ఆ పండుగ ముందు ఫోన్ పారేయించినవాడికి నేను ఎలా థాంక్స్ చెప్పుకోవాలో తెలియలేదు. ఆ పది రోజుల భయమే లేకపోతే ఆయనకి బస్‌స్టాండు సంగతి చెప్పేదాన్ని కాదు. ఆయన ఆ తెర ఆపేవారు కాదు. అన్నం రావడం, మనుషులు రావడమే కాదు, ఒక్కోసారి కబురు రాకపోవడం కూడా దేవుడు పెట్టినదే అనుకున్నాను.

"అమ్మమ్మా, రిప్లై ఇవ్వు. ఇక్కడ పట్టుకుని మాట్లాడు."

బొటనవేలు మైకు బొమ్మ మీద పెట్టాను. పదేళ్ళ కిందటి బస్సు పొగ, గాజులేసుకున్న నా చేతిని వదలని ఆ సన్నటి వేళ్ళు. నాకు అరవైతొమ్మిది. ఆ కొండలెక్కి మళ్ళీ వెళ్ళేది లేదని నాకూ తెలుసు, దానికీ తెలుసు.

"యూలన్," అన్నాను. "ఐ విల్ గో అండ్ కమ్."

"ఎక్కడికి వెళ్తున్నావని అడుగుతుంది" అన్నారాయన.

"అడగదు లెండి."

బయట స్కూలు బస్సు మలుపు తిరుగుతున్న చప్పుడు. అనిక రెండో సాక్సు వేసుకుని, బ్యాగు భుజాన తగిలించుకుని తలుపు దాకా పరిగెత్తింది. రోజూ అక్కడ "బై!" అని గాల్లోకి విసిరి వెళ్ళిపోయే పిల్ల, ఆ రోజు గుమ్మంలో ఆగింది. వెనక్కి తిరిగింది. నడుము వంచింది.

నేను కాఫీ గ్లాసు కింద పెట్టి, చెవి రిక్కించి కూర్చున్నాను.